కారు బ్రేక్ ఫ్లూయిడ్‌ని ఎన్నేళ్లకోసారి మార్చాలి, ఎందుకు?

ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారో తేదీతో సహా చెప్పగలిగే కారు యజమానులు చాలామందే ఉంటారు. అదే పెడల్ మీది ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే బ్రేక్ ఫ్లూయిడ్ గురించి అడిగితే బానెట్ ఎత్తి, డబ్బాలో మట్టం చూసి, రెండు గీతల మధ్యే ఉంది కదా అంటారు. తగ్గితే కాస్త పోస్తారు. ఇలా ఏడెనిమిదేళ్లు నెట్టుకొచ్చిన కార్లు ఎన్నో ఉన్నాయి, వాటికి బ్రేకులు రోజూ బాగానే పడుతుంటాయి కూడా. చిక్కంతా అందులోనే ఉంది. పాడైన బ్రేక్ ఫ్లూయిడ్ మామూలు రోజుల్లో ఏ లక్షణమూ చూపించదు. పెడల్ గట్టిగానే ఉంటుంది, హెచ్చరిక దీపం వెలగదు, శబ్దం రాదు. బ్రేకులు బాగా వేడెక్కిన రోజున మాత్రమే దాని అసలు పరిస్థితి బయటపడుతుంది.

జవాబు ముందే చెప్పుకుందాం. కారు మాన్యువల్‌లో గడువు రాసి ఉంటే దాన్ని పాటించండి. రాసి లేకపోతే, లేదా మాన్యువల్ దొరక్కపోతే, రెండేళ్లకోసారి మొత్తం మార్చండి. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది ఇక్కడ దాదాపు లెక్కలోకి రాదు. రెండేళ్లలో ఐదు వేల కిలోమీటర్లే తిరిగిన కారుకూ, యాభై వేలు తిరిగిన కారుకూ గడువు ఒకటే. తక్కువ తిప్పాం కాబట్టి ఇంకో ఏడాది ఆగొచ్చనే వాదన ఇంజిన్ ఆయిల్ విషయంలో కొంతవరకు నిలుస్తుందేమో గానీ ఇక్కడ నిలవదు.

కంపెనీలన్నీ ఒకే మాట చెప్పవు. హోండా చాలా మోడళ్లకు మూడేళ్లు అంటుంది. బీఎండబ్ల్యూ ఏళ్ల తరబడి రెండేళ్లు అంటూ వచ్చింది. ఫోక్స్‌వ్యాగన్ యూరప్‌లో అమ్మే చాలా కార్లకు మొదటిసారి మూడేళ్లకు, ఆ తర్వాత రెండేళ్లకోసారి అంటుంది. టెస్లా నాలుగేళ్లకోసారి పరీక్షించి అవసరమైతే మార్చమంటుంది. గడువే రాయకుండా, మట్టం చూసుకోండి అని వదిలేసిన మాన్యువళ్లూ ఉన్నాయి. ఇన్ని రకాల జవాబులు చూసి, ఇదంతా సర్వీసు సెంటర్ల వ్యాపారమేనని కొందరు కొట్టిపారేస్తారు. అది పొరపాటు. వాడే ద్రవం రకం, గొట్టాల నాణ్యత, బ్రేకుల పరిమాణం, కంపెనీ ఎంత ముందుజాగ్రత్త కోరుకుంటుంది అన్నవాటిని బట్టి అంకె మారుతుంది. ద్రవం పాడయ్యే తీరు మాత్రం అన్ని కార్లలోనూ ఒకటే.

నీరు ఎక్కడినుంచి వస్తుంది

సీసాల మీద కనిపించే డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాల ద్రవాలు గ్లైకాల్ ఈథర్లతో తయారవుతాయి. డాట్ 4లోనూ, ఎక్కువ భాగం 5.1 ద్రవాల్లోనూ వాటికి బోరేట్ ఎస్టర్లు కూడా తోడవుతాయి. వీటన్నిటికీ గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో మూత తీసి ఉంచిన ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే, గాలి తగిలే చోటల్లా ఇవి తేమను లాక్కుంటాయి. దీన్ని లోపంగానే చూడనక్కర్లేదు. లోపలికి చేరిన కొద్దిపాటి నీరు ద్రవమంతటా కలిసిపోవడం వల్ల ఒకచోట మడుగు కట్టదు. అలా కలవకపోతే ఆ నీరు వ్యవస్థలో అన్నిటికన్నా పల్లంగా ఉండే చోటికి, అంటే చక్రం దగ్గర ప్యాడ్లను డిస్క్ మీదికి నొక్కే కాలిపర్‌లోకి, చేరి అక్కడే నిలుస్తుంది. అన్నిటికన్నా వేడి పుట్టే చోటు కూడా అదే.

అంతా మూసి ఉన్న వ్యవస్థలోకి తేమ ఎలా వస్తుందన్నది సహజంగా వచ్చే సందేహం. ఆ వ్యవస్థ పూర్తిగా మూసి ఉండదు. ప్యాడ్లు అరిగేకొద్దీ డబ్బాలో మట్టం దిగుతుంది, ఆ ఖాళీలోకి గాలి రావాలి కాబట్టి మూతకు సన్నని దారి ఉంటుంది. మూత లోపల ఉండే రబ్బరు పొర ఆ గాలిని ద్రవానికి నేరుగా తగలకుండా చాలావరకు అడ్డుకుంటుంది. పెద్ద దారి మరొకటి ఉంది. ఇనుప పైపులకూ కాలిపర్లకూ మధ్య, చక్రంతోపాటు కదలడానికి, రబ్బరు గొట్టాలు ఉంటాయి. వాటి గోడల గుండా నీటి ఆవిరి కొంచెం కొంచెంగా రోజూ లోపలికి ఇంకుతూనే ఉంటుంది. కారు నడిచినా, షెడ్డులో కదలకుండా ఉన్నా ఇది ఆగదు. కిలోమీటర్లు లెక్కలోకి రాకపోవడానికి కారణం ఇదే. తేమ చక్రాల దగ్గరి గొట్టాల నుంచి వస్తుంది కాబట్టి డబ్బాలోని ద్రవం కన్నా కాలిపర్‌లోని ద్రవంలో నీరు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, పరీక్షల దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ద్రవం మరిగితే పెడల్ ఎందుకు పడిపోతుంది

ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, ఆవిరిని నొక్కితే కుంచించుకుపోతుంది. బ్రేకుల కథంతా ఈ ఒక్క తేడా మీదే నడుస్తుంది. చాలా కార్లలో పెడల్‌ని ఒకసారి పూర్తిగా తొక్కితే మాస్టర్ సిలిండర్ నెట్టగలిగే ద్రవం పది, పదిహేను ఘన సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. వాతావరణ పీడనం దగ్గర నీరు ఆవిరైతే దాని పరిమాణం దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. అంటే ఒక నీటి చుక్కలో ఐదో వంతు, సుమారు 0.01 మిల్లీలీటరు, ఆవిరైనా చాలు, పదహారు పదిహేడు ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది. ఇక పెడల్ ప్రయాణమంతా ఆ ఆవిరిని నొక్కడానికే సరిపోతుంది, ప్యాడ్‌ని డిస్క్ మీదికి నొక్కడానికి ఏమీ మిగలదు.

ద్రవం మరగడం బ్రేకు తొక్కి ఉంచినప్పుడు జరగదు. అప్పుడు లోపలి పీడనం ఎక్కువ, పీడనం పెరిగితే మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. కాలు తీసిన మరుక్షణం పీడనం మామూలు స్థాయికి పడిపోతుంది, వేడి మాత్రం అలాగే ఉంటుంది. బుడగలు పుట్టేది అప్పుడే. అవి పుడుతూ తమకు కావలసినంత ద్రవాన్ని వెనక్కి డబ్బాలోకి తోసేస్తాయి. మళ్లీ తొక్కేసరికి కాలు నేలను తాకుతుంది. ఇంతకుముందు వేసిన బ్రేకు చక్కగా పట్టి, తర్వాతిది అసలు పట్టకపోవడానికి కారణం ఇదే.

ఇంకొక ప్రమాదకర సమయం ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. బరువుతో పెద్ద దిగుడు దిగి, కిందికి రాగానే కారు ఆపారనుకోండి. నడుస్తున్నంతసేపూ గాలి తగిలి డిస్క్ చల్లబడుతుంటుంది, ఆగాక ఆ గాలి ఉండదు. డిస్క్‌లోనూ ప్యాడ్లలోనూ ఉన్న వేడి, ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ గుండా ద్రవంలోకి పాకుతుంది. కారు ఆగిన తర్వాత మొదటి కొన్ని నిమిషాల్లో కాలిపర్‌లోని ద్రవం నడుస్తున్నప్పటికన్నా ఇంకా వేడెక్కుతుంది. కాస్త విశ్రాంతి తీసుకుని బయల్దేరబోతుంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది. అందుకే దిగుడు అయిపోగానే టక్కున ఆపకుండా, బ్రేకు వాడకుండా కొంత దూరం నెమ్మదిగా నడిపి ఆపడం మేలు.

వేడికి బ్రేకు తగ్గడంలో రెండు రకాలున్నాయి, వాటిని కలగలిపి చూస్తే తప్పు వస్తువు మారుస్తారు. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత బలంగా తొక్కినా కారు ఆగనంటుంటే అది ప్యాడ్ల సమస్య, వేడికి వాటి రాపిడి తగ్గిపోయింది. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంటే అది ద్రవం మరిగిన లక్షణం. రెండోది జరిగితే పెడల్‌ని వెంటవెంటనే పలుమార్లు తొక్కి వదలాలి, డబ్బా నుంచి అదనపు ద్రవం చేరి కొంత ఒత్తిడి వస్తుంది. అదే సమయంలో గేరు ఒక్కొక్కటే తగ్గించి, హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగాలి. అరగంట చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ మామూలుగా అయిపోతుంది. అప్పుడు వర్క్‌షాపుకి తీసుకెళ్తే అంతా బాగానే ఉందంటారు. నమ్మకండి. ఒకసారి అలా జరిగిందంటే ఆ ద్రవం పని అయిపోయినట్టే.

డాట్ అంకెలు ఏం చెబుతాయి

సీసా మీద ఉండే డాట్ అనేది అమెరికా రవాణా శాఖ ఇచ్చే వర్గీకరణ, వాళ్ల ఫెడరల్ భద్రతా ప్రమాణం 116లో ఉంటుంది. ఒక్కో రకానికి రెండు మరుగు స్థానాలు రాసి ఉంటాయి. పొడి మరుగు స్థానం అంటే సీల్ తీసిన కొత్త ద్రవానిది. తడి మరుగు స్థానం అంటే దాదాపు 3.7 శాతం నీరు చేరేలా తేమ పట్టించాక వచ్చేది. డాట్ 3కి కనీసం 205, 140 డిగ్రీలు ఉండాలి. డాట్ 4కి 230, 155. డాట్ 5.1కి 260, 180. ఇవన్నీ సెల్సియస్‌లో, ఇవన్నీ కనీస హద్దులు, మార్కెట్లో దొరికేవి చాలావరకు వీటికన్నా మెరుగ్గానే ఉంటాయి.

ఇందులో జనం తరచుగా తప్పు అర్థం చేసుకునే సంగతి ఒకటుంది. నీరు కలిసింది కాబట్టి ద్రవం 100 డిగ్రీలకే మరుగుతుందనుకుంటారు. నీరు విడిగా లేదు, ద్రవంలో కరిగి ఉంది కాబట్టి మిశ్రమానికి తనదైన మరుగు స్థానం ఉంటుంది. అయితే నాలుగు శాతం కూడా లేని నీరు డాట్ 4 హద్దును 75 డిగ్రీలు కిందికి లాగేస్తోందన్నది గమనించండి. పైగా ఈ తగ్గుదల సమంగా సాగదు. మొదటి ఒకటి రెండు శాతాల నీటితోనే పెద్ద పతనం వచ్చేస్తుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఊళ్లో నడిపే కారుకు తడి ద్రవంతోనూ ఏ ఇబ్బందీ కనిపించకపోవచ్చు. నిండా మనుషులు, సామానుతో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కాలిపర్ దగ్గర ద్రవం 150 డిగ్రీలు దాటడం మాత్రం అసాధారణమేమీ కాదు.

మరి డాట్ 3 అడిగిన కారులో డాట్ 4 పోయొచ్చా? పోయొచ్చు, రెండూ కలుస్తాయి, అయితే మిశ్రమం పూర్తి డాట్ 4 అయిపోదు. అటునుంచి ఇటు, అంటే డాట్ 4 కారులో డాట్ 3 పోయడం తప్పు. మరుగు స్థానంతోపాటు చిక్కదనం కూడా చూడాలి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, కారు అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌పీ ఉన్న కార్లలో సన్నని వాల్వుల గుండా ద్రవం సెకనులో చిన్న భాగంలో అటూ ఇటూ పరుగెత్తాలి. చలిలో మామూలు డాట్ 4 చిక్కబడి ఆ పని మందగిస్తుంది. మైనస్ 40 డిగ్రీల దగ్గర డాట్ 4కి అనుమతించిన గరిష్ఠ చిక్కదనం 1,800 యూనిట్లు, 5.1కి 900, ఐఎస్‌ఓ 4925 ప్రమాణంలోని ఆరో తరగతికి 750. ఈ ఆరో తరగతినే సీసాల మీద డాట్ 4 ఎల్‌వీ అని రాస్తారు. డబ్బా మూత మీద లేదా మాన్యువల్‌లో అది అడిగితే అదే పోయాలి. మామూలు డాట్ 4 పోస్తే బ్రేకు పడుతుంది గానీ జారే రోడ్డు మీద ఈఎస్‌పీ స్పందన మందగించవచ్చు.

డాట్ 5 సంగతి వేరు. పేరు చూసి 4 కన్నా మెరుగైనదనుకుని కొనేవాళ్లున్నారు. అది సిలికాన్ ద్రవం, మిగతావాటితో కలవదు, నీటినీ కలుపుకోదు. ఏబీఎస్ పంపు దాన్ని చిలికితే సన్నని గాలి బుడగలు పట్టి పెడల్ మెత్తబడుతుంది. మామూలు కారులో దానికి చోటు లేదు. ఇక రేసు ద్రవాలు. 300 డిగ్రీలు దాటే పొడి మరుగు స్థానం చూసి ముచ్చటపడి రోజువారీ కారులో పోస్తే లాభం తక్కువ, వాటిని ఏడాదికో, పరుగు పరుగుకో మార్చే వాళ్ల కోసం తయారుచేస్తారు.

నెమ్మదిగా జరిగే నష్టం

ఘాట్ రోడ్డు ముఖమే చూడని కారు ఉందనుకుందాం. దానికి కూడా ద్రవం ఎందుకు మార్చాలి? తుప్పు వల్ల. బ్రేక్ ఫ్లూయిడ్‌లో తుప్పును నిరోధించే రసాయనాలు కొద్ది మోతాదులో ఉంటాయి, అవి వేడికీ కాలానికీ ఖర్చైపోతాయి. తర్వాత ద్రవం తన చుట్టూ ఉన్న లోహాన్ని కొరకడం మొదలుపెడుతుంది. చాలా బ్రేకు పైపులు ఉక్కు రేకును చుట్టి, మధ్యన రాగితో అతికి తయారుచేసినవి. ఆ రాగి ముందుగా ద్రవంలోకి కరుగుతుంది. అందుకే ద్రవంలో రాగి పెరిగిందంటే నిరోధకాలు అయిపోయాయని గుర్తు, ఇనుము వంతు తర్వాత వస్తుంది. కాలిపర్ పిస్టన్ మీద గుంటలు పడితే అది ఇరుక్కుపోయి ఒక చక్రం ఎప్పుడూ రాసుకుంటూ ఉంటుంది. మాస్టర్ సిలిండర్ లోపల గరుకు ఏర్పడితే రబ్బరు సీళ్లు కోసుకుపోతాయి. ఏబీఎస్ మాడ్యులేటర్ వాల్వుల్లో మడ్డి చేరితే సాధారణంగా విడి భాగం మార్చడం కుదరదు, మొత్తం యూనిట్ మార్చాలి. దాని ఖర్చు ముందు కొన్ని సీసాల ద్రవం ఖర్చు లెక్కలోకే రాదు.

రంగు చూసి చెప్పొచ్చా? పెన్నుతో కొలవొచ్చా?

కొత్త ద్రవం సాధారణంగా లేత పసుపులో ఉంటుంది, వాడగా వాడగా గోధుమ రంగుకూ నలుపుకూ తిరుగుతుంది. ఆ రంగు చాలావరకు రబ్బరు పొడి, లోహపు కణాలు, వేడి వల్ల వచ్చేది. నీటికి రంగు లేదు. కాబట్టి తేటగా ఉన్న ద్రవంలో మూడు శాతం నీరు ఉండొచ్చు, ముదురు రంగు ద్రవం మరుగు స్థానం ఇంకా పర్వాలేదనిపించేలా ఉండొచ్చు. నల్లబడితే మార్చాల్సిందే, అందులో సందేహం లేదు. తేటగా ఉంది కాబట్టి మార్చనక్కర్లేదని మాత్రం అనుకోకూడదు.

పెన్నులా ఉండి, ముంచగానే పచ్చ, పసుపు, ఎర్ర దీపాలు వెలిగే పరికరం చాలా చోట్ల కనిపిస్తుంది. అది నీటిని కొలవదు, ద్రవం గుండా విద్యుత్తు ఎంత సులువుగా పోతోందో కొలిచి దాన్నిబట్టి నీటి శాతాన్ని ఊహిస్తుంది. ఒక్కో కంపెనీ ద్రవానికి ఆ గుణం ఒక్కోలా ఉంటుంది కాబట్టి కొత్త సీసాలో ముంచినా కొన్నిసార్లు పసుపు వెలుగుతుంది, పాత ద్రవానికి పచ్చ వెలుగుతుంది. పైగా ముంచేది డబ్బాలో, నీరు ఎక్కువ చేరేది చక్రాల దగ్గర. ఎవరైనా నిన్ననే డబ్బాలో వంద మిల్లీలీటర్లు కొత్తది పోసి ఉంటే ఆ పెన్ను పచ్చగా వెలిగి మోసం చేస్తుంది.

నమ్మదగిన పరీక్ష ఒకటే, నమూనాను నిజంగా వేడిచేసి మరుగు స్థానం చూపే యంత్రం. దాంట్లోనూ నమూనా కాలిపర్ నిపుల్ (ద్రవం బయటికి వదలడానికి ఉండే చిన్న మర) నుంచి తీస్తేనే అర్థముంది. డాట్ 4 ద్రవం 180 డిగ్రీల కిందికి వచ్చిందంటే మార్చేయడం మంచిది, 155 దగ్గరికి వచ్చాక ఇక ఆగడానికేమీ లేదు. రాగిని చూపించే కాగితపు పట్టీలు తుప్పు వైపు సమాచారం ఇస్తాయి, నీటి సంగతి చెప్పవు. నిజానికి ఇంత పరీక్షించే శ్రమకన్నా గడువుకు మార్చేయడమే సులువు.

గడువును ఎవరు తగ్గించుకోవాలి

తరచుగా కొండ దారుల్లో తిరిగేవాళ్లు, ట్రైలర్ లాగేవాళ్లు, ఏడాదంతా గాలిలో తేమ ఉండే చోట కారు ఉంచేవాళ్లు మూడేళ్ల గడువు రాసి ఉన్నా రెండేళ్లకే మార్చుకోవడం మంచిది. కొందరికి ఏడాదిన్నర కూడా సబబే. రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లే కారుకు ప్రతి పరుగుకు ముందు కొత్త ద్రవం ఉండాలి. పాత కారు కొన్నవాళ్లు లెక్కలేమీ వేసుకోకుండా మొదటి వారంలోనే మార్చేయాలి, ఆ ద్రవం వయసు చెప్పే కాగితం సాధారణంగా ఉండదు.

ఎలక్ట్రిక్ కార్ల గురించి కొంత గందరగోళం ఉంది. మోటారే కారును నెమ్మదింపజేస్తుంది కాబట్టి ఘర్షణ బ్రేకులు తక్కువగా వాడతారు, ద్రవం అంతగా వేడెక్కదు. అది నిజం. తేమ చేరడం మాత్రం ఆగదు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు మోటారు బ్రేకింగ్ తగ్గిపోతుంది, దిగుడు భారమంతా ఒక్కసారిగా మామూలు బ్రేకుల మీద పడుతుంది. గడువు కాస్త పొడిగించిన కంపెనీలు ఉన్నాయి, అలాగని మార్చడం అసలు అక్కర్లేదనుకోకూడదు.

మార్చే పద్ధతి

డబ్బాలోంచి పాతది పీల్చి కొత్తది పోయడం మార్చడం కాదు. డబ్బాలో ఉండేది మొత్తంలో కొంత భాగమే, అసలు పాడైంది పైపుల్లో, కాలిపర్లలో ఉంటుంది. నాలుగు చక్రాల దగ్గర నిపుళ్లు విప్పి పాతదంతా బయటికి పంపాలి. మామూలు కారుకు ఒక లీటరు కొత్త ద్రవం సరిపోతుంది. వెనక ఒక్కో చక్రానికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు, ముందు ఒక్కోదానికి 150 నుంచి 200 వరకు పోతుంది. సీసాలు సీల్‌తో ఉన్నవే తీసుకోవాలి.

నిపుల్ సైజుకు తగ్గ రింగ్ స్పానర్ ఉండాలి, చాలా కార్లకు 8, 10 లేదా 11 మిల్లీమీటర్లు. ఓపెన్ స్పానర్ వాడితే మూలలు గుండ్రమైపోతాయి. ఏళ్ల తరబడి విప్పని నిపుల్ తుప్పుకు విరిగిపోవడం ఈ పనిలో అందరికీ ఎదురయ్యే కష్టం. ముందు రోజే వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాలి. మర్నాడు కాస్త బిగించే వైపు కదిపి, తర్వాత వదులు చేయాలి. మొండికేస్తే బలవంతం చేయొద్దు, విరిగితే కొన్నిసార్లు కాలిపరే మార్చాల్సి వస్తుంది.

కారును జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద నిలిపి, ఇంజిన్ ఆపి, డబ్బాలోని పాత ద్రవాన్ని సిరంజితో చాలావరకు తీసి గరిష్ఠ గీత దాకా కొత్తది పోయాలి. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం పాత ఆనవాయితీ. అంటే డ్రైవర్‌కు ఎదురు వైపు వెనక చక్రం ముందు, డ్రైవర్ వైపు ముందు చక్రం చివర. కొన్ని కంపెనీలు వేరే వరుస చెబుతాయి, అప్పుడు వాళ్ల మాటే వినాలి. నిపుల్‌కు పారదర్శక గొట్టం తొడిగి, రెండో చివర కొంచెం ద్రవం ఉన్న సీసాలో మునిగేలా పెట్టాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవాళ్లు నిపుల్‌ని పావు నుంచి అర చుట్టు వదులు చేయాలి, ద్రవం పారాక ముందు నిపుల్ బిగించి, తర్వాతే పెడల్ వదలమని చెప్పాలి. ఈ క్రమం తిరగబడితే గాలి లోపలికి పోతుంది. ఐదారు తొక్కులకోసారి డబ్బా చూసి నింపుతుండాలి. మట్టం కనిష్ఠ గీత దిగి గాలి పీల్చుకుందంటే అది ఏబీఎస్ యూనిట్ దాకా వెళ్లొచ్చు, అప్పుడు స్కాన్ టూల్‌తో, అంటే కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరంతో, పంపు తిప్పితే తప్ప బయటికి రాదు.

పెడల్‌ని నేల దాకా తొక్కొద్దు. రోజువారీ వాడకంలో మాస్టర్ సిలిండర్ సీళ్లు పై భాగంలోనే తిరుగుతాయి. కింది భాగంలో మడ్డి, తుప్పు పేరుకుని ఉండొచ్చు. సీళ్లు ఒక్కసారిగా అక్కడిదాకా వెళ్తే చిరిగిపోతాయి. ద్రవం మార్చాక మాస్టర్ సిలిండర్ పోయిందనే ఫిర్యాదుల వెనక తరచుగా ఉండేది ఇదే. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెడితే ఆ బెడద ఉండదు. డబ్బాకు బిగించి ఒకటి ఒకటిన్నర బార్ పీడనంతో నెట్టే పంపు ఉంటే పెడల్ జోలికే పోనక్కర్లేదు, ఒక్కరే పని పూర్తి చేసుకోవచ్చు. నిపుల్ దగ్గర పీల్చే పంపుతో కూడా పని అవుతుంది, కాకపోతే నిపుల్ మరల నుంచి గాలి వచ్చి బుడగలు ఆగవు, గాలి లోపలే ఉందేమోనని కంగారు పడతారు.

నిపుళ్లు చిన్నవి, చాలావాటికి 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. రబ్బరు టోపీలు తిరిగి పెట్టండి. ఇంజిన్ ఆపి ఉండగా పెడల్‌ని నాలుగైదుసార్లు తొక్కితే గట్టిగా నిలవాలి. స్టార్ట్ చేయగానే కాస్త దిగుతుంది, అది తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ పని, భయపడనక్కర్లేదు. ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకున్నా ఇంకా దిగిపోతూ ఉంటే లీకో, సీలు లోపమో ఉన్నట్టు, కారు కదపకూడదు.

మాన్యువల్ గేరు కార్లలో క్లచ్ కూడా తరచుగా ఇదే డబ్బాలోని ద్రవంతో పనిచేస్తుంది. క్లచ్‌ని నెట్టే స్లేవ్ సిలిండర్ దగ్గర కూడా ఒక నిపుల్ ఉంటుంది, అక్కడినుంచీ పాతది తీసేయాలి. మెకానిక్‌లు ఎక్కువగా మరిచిపోయే చోటు ఇదే.

హైబ్రిడ్ కార్ల విషయంలో ఒక హెచ్చరిక. కొన్నిటిలో ఎక్కువ పీడనంతో ద్రవాన్ని నిల్వ ఉంచే ఏర్పాటు ఉంటుంది, తలుపు తీయగానే పంపు దానంతటదే తిరగడం మొదలవుతుంది. వాటిని స్కాన్ టూల్‌తో సర్వీసు స్థితిలో పెట్టకుండా నిపుల్ విప్పకూడదు. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు.

మట్టం తగ్గితే, వేరేది పడితే

డబ్బాలో మట్టం మెల్లగా దిగడం ప్యాడ్లు అరుగుతున్నాయనడానికి గుర్తు. ముందు చక్రాల ప్యాడ్లు ఒక్కోటి ఎనిమిది మిల్లీమీటర్లు అరిగితే పిస్టన్లు బయటికి జరిగిన మేర రెండు కాలిపర్లలోనే 70, 80 మిల్లీలీటర్ల ద్రవం అదనంగా చేరుతుంది. అప్పుడు డబ్బా నింపేస్తే, కొత్త ప్యాడ్లు వేసి పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు ఆ 80 మిల్లీలీటర్లు పొంగి పెయింట్ మీద పడతాయి. గ్లైకాల్ ద్రవం పెయింట్‌ని మెత్తబరిచి లేపేస్తుంది. పడిన వెంటనే తుడవడంకన్నా ఎక్కువ నీళ్లు పోసి కడగడం మేలు, ఇది నీటిలో కలుస్తుంది. మట్టం ఉన్నట్టుండి పడిపోతే మాత్రం లీకు ఎక్కడో వెతకాలి. ప్యాడ్లు మార్చేటప్పుడే నిపుల్ వదులు చేసి, వెనక్కి వచ్చే మురికి ద్రవాన్ని ఏబీఎస్ వైపు పంపకుండా బయటికి వదలడం మంచి అలవాటు.

మనం బ్రేక్ ఆయిల్ అనేస్తాం గానీ ఇందులో నూనె లేదు. ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పొరపాటున డబ్బాలో కొంచెం పడినా రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. మొదటి లక్షణం డబ్బా మూతలోని రబ్బరు పొర సాగి, ముడతలు పడి, తిరిగి కూర్చోకపోవడం. తర్వాత బ్రేకులు వదలకుండా పట్టేస్తాయి. అప్పుడు ద్రవం మార్చినంత మాత్రాన సరిపోదు. మాస్టర్ సిలిండర్, కాలిపర్ సీళ్లు, గొట్టాలు, ఏబీఎస్ యూనిట్, రబ్బరు తగిలిన ప్రతిదీ మార్చాలి. గరాటు, సిరంజి ఈ పనికి వేరుగా ఉంచుకోమనేది అందుకే.

పని అయ్యాక సీసాలో మిగిలిన ద్రవాన్ని వచ్చే రెండేళ్లకు దాచొద్దు. మూత గట్టిగా బిగించినా లోపల చేరిన గాలిలోని తేమ చాలు. కొన్ని నెలల్లో వాడకపోతే పాత ద్రవంతోపాటే పారేయాలి. పారేయడం అంటే కాలువలో పోయడం కాదు, ఇంజిన్ ఆయిల్ డబ్బాలో కలపడమూ కాదు. విడి డబ్బాలో పోసి పేరు రాసి, వాడిన ద్రవాలు తీసుకునే వర్క్‌షాపుకి ఇవ్వాలి. తాగే నీళ్ల సీసాలో మాత్రం ఎప్పుడూ పోసి ఉంచొద్దు, లేత పసుపు రంగులో ఉండే విషం అది.